గురు నానక్‌ను ప్రవక్త అనవచ్చా? సిక్కు, ఇస్లాం ధర్మాల్లో దైవవాణి, దాన్ని అందుకున్నవారు

మంజీర

సిక్కు ధర్మం గురించి తెలుగులో వచ్చే చిన్న పరిచయాల్లో తరచూ ఒక మాట కనిపిస్తుంది: ముస్లింలకు ముహమ్మద్ ప్రవక్త ఎలాగో సిక్కులకు గురు నానక్ అలాగ అని. నాకు ఈ పోలిక సరిపోలేదనిపిస్తోంది. ముహమ్మద్ తరువాత ఇంకొక ప్రవక్త లేరని ముస్లింలు గట్టిగా నమ్ముతారు. నానక్ తరువాత తొమ్మిది మంది గురువులు వచ్చారు, ఆ తరువాత గురు గ్రంథ్ సాహిబ్ అనే గ్రంథమే గురువు అయింది. ఈ రెండు స్థానాలూ ఒకటే ఎలా అవుతాయి? మరోవైపు నానక్‌కు కూడా దేవుడి పిలుపు వచ్చిందనే సిక్కులు చెబుతారు. అలాంటప్పుడు ఆయన్ని ప్రవక్త అనకూడదా? ఈ రెండు ధర్మాల్లో పుట్టి పెరిగినవాళ్లు ఇక్కడ ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. ఎవరు గొప్ప అన్న వాదన మాత్రం వద్దు.

కలిమా కలం

మంజీర గారూ, మా వైపు నుంచి నేను చెబుతాను.

ప్రవక్తల పరంపర ముహమ్మద్ (స, అంటే ఆయనపై శాంతి కలుగుగాక)తో మొదలు కాలేదు. తొలి మానవుడు ఆదంతోనే మొదలైంది. దివ్య ఖుర్‌ఆన్‌లో 25 మంది ప్రవక్తల పేర్లు ఉన్నాయి. పేర్లు చెప్పనివారు ఇంకా ఉన్నారని 40వ సూరా (అధ్యాయం) 78వ ఆయత్ (వాక్యం), ప్రతి సమాజానికీ ఒక సందేశహరుడు వచ్చాడని 10వ సూరా 47వ ఆయత్ చెబుతాయి. వీరందరూ మనుషులే. దేవుని అంశ వారిలో లేదు. "ఈయనేం ప్రవక్త, అన్నం తింటున్నాడు, బజారుల్లో తిరుగుతున్నాడు" అని మక్కావాసులు ఎద్దేవా చేస్తే, ఇంతకుముందు పంపిన ప్రవక్తలందరూ అన్నం తిని బజారుల్లో తిరిగినవారేనని 25వ సూరా జవాబిచ్చింది.

610లో హిరా గుహలో ముహమ్మద్ (స)కు జిబ్రయీల్ దూత ద్వారా మొదటి ఆయత్‌లు అవతరించాయి. ఆ తరువాత దాదాపు 23 ఏళ్లపాటు అవతరణ సాగింది. ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటుంది. ఖుర్‌ఆన్‌లో ప్రవక్త సొంత మాట ఒక్కటి కూడా లేదని మా విశ్వాసం. ఆయన మాటలు హదీసుల్లో వేరుగా ఉంటాయి. ఆ గ్రంథం ఆయన్ని మందలిస్తుంది కూడా. మక్కాలోని ఖురైష్ తెగ పెద్దలతో మాట్లాడుతుండగా ఒక అంధుడు వచ్చి ప్రశ్న అడిగితే ఆయన ముఖం చిట్లించుకున్నారు. దాని మీద దిగిన మందలింపు 80వ సూరా మొదట్లోనే ఉంది, ఇప్పటికీ నమాజులో చదువుతాం. ఇక 69వ సూరా మరీ కఠినం: ఈయన సొంతంగా కల్పించి మాకు అంటగడితే కుడిచేయి పట్టుకుని గుండెనరం తెంచేవాళ్లం అంటుంది.

33వ సూరా 40వ ఆయత్‌లో ఆయన్ని ఖాతమున్నబియ్యీన్, అంటే ప్రవక్తలకు ముద్ర అన్నారు. ఆ ముద్రతో పరంపర ముగిసింది. కాబట్టి 1469లో పుట్టిన నానక్ గారిని ప్రవక్తగా అంగీకరించడం ముస్లింకు సాధ్యం కాదు. ఏకేశ్వరుణ్ణి చాటిన మహనీయుడిగా, వలీగా (దేవుడికి దగ్గరైన సాధువుగా) గౌరవించినవారు మాలో చాలామంది ఉన్నారు.

గోదావరి ఖాల్సా

మాది దక్కనీ సిక్కు కుటుంబం. 1830ల్లో రంజిత్ సింగ్ పంపిన లాహోరీ ఫౌజుతో నిజాం రాజ్యానికి వచ్చి ఇక్కడే స్థిరపడినవాళ్లం. ఇంట్లో తెలుగూ మాట్లాడతాం, కీర్తనలు గురుముఖిలో చదువుతాం. మా పిల్లలకు బడిలో ఎదురయ్యే మొదటి ప్రశ్న ఇదే, అందుకని కొంచెం వివరంగా రాస్తాను.

జనమ్‌సాఖీలనే జీవితకథల ప్రకారం నానక్ సుల్తాన్‌పూర్ లోధీలో ధాన్యపు కొట్టు లెక్కలు చూసేవారు. ఒకరోజు వేయీ ఏటిలో స్నానానికి దిగి కనిపించకుండా పోయారు. మూడు రోజుల తరువాత బయటికి వచ్చి "హిందువూ లేడు, ముసల్మానూ లేడు" అన్నారు. ఆ మూడు రోజులు ఆయన దేవుడి దర్బారులో ఉన్నారని, అక్కడ అమృతపాత్ర ఇచ్చారని కథ. ఇది భక్తులు తరువాత రాసుకున్నది. కానీ గురు గ్రంథ్ సాహిబ్ 150వ అంగ్‌లో (పేజీని మేము అంగ్ అంటాం) నానక్ స్వయంగా చెప్పుకున్నదీ ఉంది: "హఉ ఢాఢీ వేకార్ కారై లాఇఆ". పనిలేని పాటగాణ్ణి, నాకు పని ఇచ్చాడు, తన సన్నిధికి పిలిచాడు, సత్యమైన కీర్తన అనే వస్త్రం కప్పాడు. 722వ అంగ్‌లో లాలో అనే భక్తుడితో అంటారు, యజమాని బాణి (వాక్కు) నాకు ఎలా వస్తే అలాగే చెబుతున్నాను అని. ఐదవ గురువు అర్జన్ దేవ్ కూడా అంతే: "నా అంతట నేను పలకలేను, చెప్పినదంతా ఆయన ఆజ్ఞే."

ఇక్కడి వరకు చదివితే కలిమా కలం సోదరుడు చెప్పిన దానికీ దీనికీ పెద్ద తేడా కనిపించదు. తేడా ఆ తరువాత మొదలవుతుంది.

మాకు మధ్యలో దూత లేడు. బాణిలో నుంచి గురువు మనసు తొలగిపోలేదు. బాబరు సేన సైద్‌పూర్ మీద పడి జనాన్ని ఊచకోత కోసినప్పుడు నానక్ దేవుణ్ణే నిలదీశారు: "ఇంత దెబ్బ తిని వాళ్లు విలపించారే, నీకు నొప్పి కలగలేదా?" అది 360వ అంగ్‌లో ఉంది. ఆ ప్రశ్న కూడా మాకు దైవవాణే. మనిషి ఏడుపు, దేవుడి ఆజ్ఞ ఒకే శబద్‌లో (కీర్తనలో) కలిసిపోతాయి. సందేశం ఇది, సందేశహరుడు ఇతడు అని గీత గీయడం మా గ్రంథంలో కుదరదు.

ఇంకొకటి. గ్రంథంలో ఆరుగురు గురువుల రచనలున్నాయి. అందరి ముద్ర "నానక్" అనే పేరే. ఏది ఎవరిదో తెలియడానికి మహలా 1, మహలా 3, మహలా 5 అని అంకెలు వేశారు. వాళ్లు పది మంది ప్రవక్తలు అని మేము అనుకోము. ఒకే జ్యోతి పది దేహాల్లో వెలిగింది అనుకుంటాం.

పాత చరిత్ర

ఖాల్సా గారి చివరి మాటను రెండు మరణాల పక్కన పెట్టి చూడండి.

632లో మదీనాలో ముహమ్మద్ ప్రవక్త కన్నుమూశారు. సహచరుల్లో ఉమర్ అంతటివాడు నమ్మలేక, ఆయన చనిపోయారన్నవాళ్లను బెదిరించాడు. అప్పుడు మరో సన్నిహిత సహచరుడు అబూబకర్ లేచి అన్న మాట ప్రసిద్ధం: "ఎవరైనా ముహమ్మద్‌ను ఆరాధించి ఉంటే, ముహమ్మద్ మరణించారు. అల్లాహ్‌ను ఆరాధిస్తున్నవారికి, అల్లాహ్ సజీవుడు, ఆయనకు మరణం లేదు." ఆ వెంటనే 3వ సూరాలోని "ముహమ్మద్ ఒక సందేశహరుడు మాత్రమే, ఆయనకు ముందు ఎందరో సందేశహరులు గతించారు" అనే ఆయత్ చదివాడు. ఆ తరువాత అబూబకర్ ఖలీఫా అయ్యాడు. పాలన చేతికి వచ్చింది, ప్రవక్త స్థానం రాలేదు.

1539లో కర్తార్‌పూర్‌లో నానక్ వెళ్లిపోయే ముందు ఏం చేశారు? ఇద్దరు కొడుకులు శ్రీచంద్, లఖ్మీదాస్ ఉండగా లెహ్నా అనే శిష్యుణ్ణి ఎంచుకుని, అంగద్ అని పేరు పెట్టి, తానే ఆయన ముందు తల వంచారు. గురు దర్బారు గాయకులు సత్తా, బల్వండ్ రాసిన వార్ (స్తుతిగాథ) 966వ అంగ్‌లో ఉంది. జ్యోతి అదే, పద్ధతి అదే, స్వామి దేహం మాత్రం మార్చుకున్నాడు అంటారు.

ఒకచోట మరణం అనే నిజాన్ని గట్టిగా చెప్పి విశ్వాసాన్ని కాపాడుకున్నారు. ఇంకోచోట మరణం వల్ల ఏమీ ఆగలేదని చెప్పి కాపాడుకున్నారు. ప్రవక్త, గురువు అనే రెండు స్థానాల మధ్య తేడా నాకు ఈ రెండు ఘట్టాల్లో కనిపించినంత స్పష్టంగా మరెక్కడా కనిపించదు.

తర్కం

సిద్ధాంతంలో సరే. ఆచరణలో రెండుచోట్లా మనిషినే ఆకాశానికి ఎత్తారు కదా? ఒకవైపు మీలాదున్నబీ ఊరేగింపులు, ప్రవక్త వెంట్రుక అని భద్రపరచిన అవశేషాలు. మరోవైపు నానక్ పాదాలు ఎటు తిప్పితే మక్కా అటు తిరిగిందనే కథ. చెప్పినవాళ్ల మాటను విన్నవాళ్లు నిలబెట్టుకోలేదు అంటాను.

కలిమా కలం

తర్కం గారూ, ప్రేమకూ ఆరాధనకూ మధ్య హద్దు ఆయనే గీశారు. బుఖారీలో ఉన్న హదీసు: "మర్యమ్ కుమారుడు ఈసా విషయంలో క్రైస్తవులు మితిమీరినట్లు నా విషయంలో మితిమీరకండి. నేను దాసుణ్ణి. అల్లాహ్ దాసుడు, ఆయన సందేశహరుడు అనండి." మా షహాదాలో (విశ్వాస ప్రకటనలో), నమాజులో చదివే తషహ్హుద్‌లో ఈ క్రమమే ఉంది: ముందు దాసుడు, తరువాత సందేశహరుడు. మీలాద్ జరపడం సరైనదా కాదా అని మాలో మాకే వాదన ఉంది, దాచేది ఏమీ లేదు. కానీ ఊరేగింపులో నడిచే ఏ ముస్లిమైనా ఆయనకు సజ్దా (సాష్టాంగ ప్రణామం) చేస్తాడా? చేయడు. ఆ హద్దు 14 శతాబ్దాలుగా నిలిచింది.

గోదావరి ఖాల్సా

మాకూ అలాంటి మాటే ఉంది. పదవ గురువు గోవింద్ సింగ్ పేరిట ఉన్న దశమ్ గ్రంథ్‌లోని బచిత్తర్ నాటక్‌లో "నన్ను పరమేశ్వరుడని పిలిచేవారు నరకకూపంలో పడతారు, నన్ను ఆయన దాసుడిగా తెలుసుకోండి" అని ఉంది. దేవుడు గర్భంలోకి వస్తాడని చెప్పే నోరు కాలిపోవాలని గురు అర్జన్ దేవ్ అన్నారు, అది 1136వ అంగ్. అందుకే నానక్‌ను అవతారంగా చూపించే క్యాలెండర్ బొమ్మలు చూస్తే నాకు బాధగా ఉంటుంది. మక్కా కథ విషయానికొస్తే, నేను దాన్ని భౌగోళిక సంఘటనగా నమ్మను. దేవుడు లేని దిక్కు చూపించండి, అటు కాళ్లు పెడతాను అన్న ఆ ప్రశ్న కోసం చదువుతాను.

నానక్ ప్రవక్తలను తోసిపుచ్చలేదని కూడా చెప్పాలి. 53వ అంగ్‌లో పీర్లు, పైగంబర్లు, షేక్‌లు, కాజీలు, దర్వేషులు అందరినీ పేరుపేరునా తలచి, దరూద్ (ప్రవక్తకు శుభం కోరే ప్రార్థన) చదివేవారికి బరకత్ (శుభం) కలుగుతుందన్నారు. ఆయన వారిలో తన పేరు కలుపుకోలేదు. "నీ గురువు ఎవరు" అని సిద్ధయోగులు అడిగితే చెప్పిన జవాబు "సబద్ గురూ, సురత్ ధున్ చేలా". శబ్దమే గురువు, దాని మీద లగ్నమైన మనసే శిష్యుడు. 943వ అంగ్ అది. 1708లో నాందేడ్‌లో పదవ గురువు గ్రంథాన్ని గురువుగా ప్రకటించడం కొత్త ఏర్పాటు కాదు. మొదటి రోజు నుంచి ఉన్నదే బయటికి కనిపించింది.

ఆషుర్ఖానా వీధి

ఈ చర్చ అంతా సున్నీ కోణం నుంచే నడుస్తోంది కాబట్టి ఒక మాట. మేము పాతబస్తీ షియాలం. గురు పరంపరకు ఇస్లాంలో పోలిక వెతకాలంటే ప్రవక్త దగ్గర కాదు, ఇమాముల దగ్గర వెతకాలి. మా విశ్వాసంలో ప్రవక్త తరువాత 12 మంది ఇమాములు. వారు పాపరహితులు. ప్రవక్తకు, ఫాతిమాకు, ఇమాములకు ఉన్నది ఒకే నూర్ (దివ్యకాంతి). ఒక ఇమాం తన తరువాతి ఇమామును స్పష్టంగా నిర్ణయించి వెళతాడు. దీపం నుంచి దీపం వెలిగించినట్లు. ఖాల్సా భాయీ "ఒకే జ్యోతి" అన్నప్పుడు నాకు మజ్లిస్‌లో (మా సంతాప సభలో) విన్న మాటలే గుర్తొచ్చాయి.

తేడాలు ఉన్నాయి. ఇమాముకు కొత్త గ్రంథం రాదు, ఖుర్‌ఆన్ లోతు చెప్పడమే ఆయన పని. పైగా మా పరంపర రక్తసంబంధంలో నడిచింది. నానక్ కొడుకులను పక్కనపెట్టారు.

గోదావరి ఖాల్సా

చాలా దగ్గరి పోలిక. ఒక్క సవరణ: నాలుగవ గురువు రామ్‌దాస్ నుంచి పదవ గురువు వరకు అందరూ సోఢీ వంశంవారే. కాబట్టి మాలో కూడా తరువాత కాలంలో కుటుంబంలోనే నడిచింది. అయితే పెద్దకొడుకుకే ఇవ్వాలన్న నియమం లేదు. గురు అర్జన్ దేవ్ ముగ్గురు అన్నదమ్ముల్లో చిన్నవారు. పెద్దవాడు పృథీ చంద్ దాన్ని సహించలేక వేరు కుంపటి పెట్టుకున్నాడు.

శ్రావణమేఘం

ప్రవక్తలందరూ మగవాళ్లే, గురువులందరూ మగవాళ్లే. దీనికి రెండు వైపుల నుంచి ఏం చెబుతారు? అర్హత గురించి అడుగుతున్నాను, గౌరవం ఇస్తున్నాం అన్న జవాబు వద్దు.

కలిమా కలం

ఎక్కువమంది పండితులు ప్రవక్తలు పురుషులేనన్నారు. కానీ అది ఏకాభిప్రాయం కాదు. 11వ శతాబ్దపు కార్డోబా పండితుడు ఇబ్న్ హజ్మ్ దీన్ని సూటిగా ఎదిరించాడు. మర్యమ్‌తో దైవదూత మాట్లాడాడు, మూసా తల్లికి దేవుడి నుంచి వహీ (దైవవాణి) వచ్చిందని ఖుర్‌ఆనే చెబుతోంది, కాబట్టి వారు నబీలే (ప్రవక్తలే) అన్నాడు. జనంలోకి సందేశం మోసుకెళ్లే రసూల్ బాధ్యత వేరు, దైవవాణి అందుకోవడం వేరు అని ఆయన వాదం. తఫ్సీర్ (ఖుర్‌ఆన్ వ్యాఖ్యానం) రాసిన ఖుర్తుబీ కూడా మర్యమ్ విషయంలో అదే అన్నాడు. నాకు వ్యక్తిగతంగా ఈ వాదం బలమైనదనిపిస్తుంది.

గోదావరి ఖాల్సా

మా దగ్గర అర్హత లేదని ఎక్కడా రాయలేదు, కానీ పది మందిలో స్త్రీ లేరు. దాన్ని నేను సమర్థించను. గురు అంగద్ భార్య మాతా ఖీవీ పేరు మాత్రం గ్రంథంలోనే ఉంది. ఆమె చల్లని నీడ గురించి, లంగర్‌లో (ఉమ్మడి భోజనశాలలో) వడ్డించిన నెయ్యి వేసిన పాయసం గురించి సత్తా, బల్వండ్ పాడారు. మీరు అడిగింది గౌరవం గురించి కాదు కాబట్టి ఇది పూర్తి జవాబు కాదు.

పాత చరిత్ర

మంజీర గారి మొదటి ప్రశ్నలో "ఇంకొకరు లేరు" అన్న భాగం ఉంది కదా, దాని గురించి. పరంపర ముగిసింది అని రెండు సమాజాలూ అన్నాయి, రెండుచోట్లా ఆ తలుపు తట్టినవారు వచ్చారు. వింత ఏమిటంటే 19వ శతాబ్దపు పంజాబ్‌లోనే రెండూ జరిగాయి.

గురుదాస్‌పూర్ జిల్లా ఖాదియాన్‌లో మీర్జా గులాం అహ్మద్ (1835-1908) 1889లో అహ్మదియా ఉద్యమం ప్రారంభించారు. కొత్త షరియత్ (ధర్మశాస్త్రం) లేకుండా, ముహమ్మద్ ప్రవక్త నీడగా తనకు ఆ స్థానం దక్కిందన్నది ఆయన అనుచరుల నమ్మకం. 1914లో వాళ్లే రెండుగా చీలారు. లాహోర్ వర్గం ఆయన్ని ప్రవక్త కాదు, ధర్మాన్ని పునరుద్ధరించినవాడు మాత్రమే అంది. 1974లో పాకిస్తాన్ రాజ్యాంగ సవరణ చేసి అహ్మదీలను ముస్లిమేతరులుగా ప్రకటించింది. ఒక విశ్వాసపు ప్రశ్న పార్లమెంటు ఓటు వరకు వెళ్లింది, దాని భారం ఆ కుటుంబాలు ఇంకా మోస్తున్నాయి.

లూధియానా జిల్లా భైణీ సాహిబ్‌లో నామ్‌ధారీలు ఉన్నారు. గురు గోవింద్ సింగ్ 1708లో నాందేడ్‌లో దేహం విడవలేదని, అజాపాల్ సింగ్ అనే పేరుతో 1812 వరకు జీవించి గురుస్థానాన్ని బాలక్ సింగ్‌కు అప్పగించారని వారి విశ్వాసం. ఆయన తరువాత రామ్ సింగ్. 1872లో మలేర్‌కోట్లాలో బ్రిటిష్ అధికారులు కూకాలను (నామ్‌ధారీలకే ఆ పేరు) ఫిరంగులకు కట్టి పేల్చేసి, రామ్ సింగ్‌ను రంగూన్‌కు పంపేశారు. నామ్‌ధారీలకు నేటికీ దేహధారి గురువు ఉన్నారు. మిగతా సిక్కులు దీన్ని అంగీకరించరు.

ఇంకో ముడి కూడా ఉంది. ఆ గులాం అహ్మదే 1895లో నానక్ నిజానికి ముస్లిం వలీ అని పుస్తకం రాశారు. డేరా బాబా నానక్‌లో భద్రపరచిన నానక్ చోళా (అంగీ) మీద ఖుర్‌ఆన్ వాక్యాలు ఉండటాన్ని ఆధారంగా చూపారు. సిక్కులు తీవ్రంగా ఖండించారు.

ఆషుర్ఖానా వీధి

అజాపాల్ సింగ్ సంగతి నాకు కొత్త. మా 12వ ఇమాం చనిపోలేదు, కనుమరుగయ్యారని మేము నమ్ముతాం. కనిపించని గురువు అనే భావన సిక్కుల్లో ఒక వర్గంలో ఉందన్నమాట.

మంజీర

అందరికీ కృతజ్ఞతలు. ఒక సందేహం మిగిలింది. ప్రతి సమాజానికీ ప్రవక్త వచ్చాడని ఖుర్‌ఆన్ అంటోంది కదా. మన దేశానికి ఎవరు వచ్చినట్లు? అలాగే, పరంపర ముగిశాక కొత్త సమస్య వస్తే ఎవరిని అడుగుతారు?

కలిమా కలం

మొదటిదానికి: ముహమ్మద్ (స)కు ముందు కాలంవారి విషయంలో తలుపు తెరిచే ఉంది. 18వ శతాబ్దపు ఢిల్లీ నక్ష్‌బందీ సూఫీ మీర్జా మజ్హర్ జాన్‌జానాన్, రాముడు, కృష్ణుడు ప్రవక్తలై ఉండే అవకాశాన్ని కాదనలేమని రాశారు. పేరు పెట్టి నిర్ధారించే అధికారం మాకు లేదు, కాదనే అధికారమూ లేదు. నానక్ గారి విషయంలో ఆ వెసులుబాటు లేదు, ఆయన వచ్చింది ముద్ర పడ్డాక.

రెండోదానికి: ముఆజ్ అనే సహచరుణ్ణి యెమెన్‌కు పంపుతూ ప్రవక్త "తీర్పు ఎలా చెబుతావు" అని అడిగారు. ముందు అల్లాహ్ గ్రంథం, అందులో లేకపోతే ప్రవక్త సున్నత్ (ఆయన చూపిన ఆచరణ), అందులోనూ లేకపోతే నా బుద్ధితో శ్రమించి చెబుతాను అన్నాడాయన. ప్రవక్త సంతోషించారు. ఫిఖ్ అనే ఇస్లామీ న్యాయశాస్త్రమంతా ఆ మూడో మెట్టు మీద కట్టినదే.

గోదావరి ఖాల్సా

మేము రోజూ అడుగుతాం. ఉదయం గ్రంథ్ సాహిబ్‌ను తెరిచినప్పుడు ఎడమ పేజీ పైభాగంలో వచ్చే శబద్ ఆ రోజు హుకుమ్‌నామా. 1430 అంగ్‌ల్లో ఏది వస్తే అది. ఒక్కోరోజు అది గురువుల శబద్ కాదు, షేక్ ఫరీద్ శ్లోకమో, కబీర్ పదమో అవుతుంది. ఫరీద్ పాక్‌పట్టన్‌కు చెందిన ముస్లిం సూఫీ, కబీర్ కాశీ నేతగాడు. వారు మా పది మంది గురువుల్లో లేరు. అయినా వారి మాట వచ్చిన రోజు అదే గురువు ఆజ్ఞ, దానికే తల వంచుతాం. ప్రవక్త అన్న చట్రంలో నానక్‌ను కూర్చోబెడితే, ఫరీద్‌కు మేమిచ్చిన చోటు అర్థం కాకుండా పోతుంది. కలిమా కలం సోదరుడి పద్ధతిలో ప్రవక్త కానివాడి మాట ఖుర్‌ఆన్‌లో చేరే మార్గమే లేదు. ఉండకూడదు కూడా, ఆ నిర్మాణం వేరు.

చట్టం లాంటి విషయాలకు గ్రంథంలో జవాబు వెతకము. 4వ సూరాలో కూతురికి ఎంత, తల్లికి ఎంత అని వారసత్వపు వాటాలు ఉన్నాయి. మా గ్రంథంలో అలాంటి లెక్క ఒక్కటీ లేదు, దాదాపు అంతా రాగాల వారీగా కూర్చిన కీర్తన. నడవడికి సంబంధించిన నియమాలు పంథ్ (సిక్కు సమాజం) కూర్చుని నిర్ణయిస్తుంది. ఇప్పుడు వాడుకలో ఉన్న నియమావళి రెహత్ మర్యాదాను శిరోమణి గురుద్వారా ప్రబంధక్ కమిటీ 1945లో ఆమోదించింది. ఆస్తి పంపకమైతే 1956 నాటి హిందూ వారసత్వ చట్టమే మాకూ వర్తిస్తుంది. ఆ పేరు మీద మాకున్న అభ్యంతరాలు వేరే చర్చ, కావాలంటే ఇంకో శీర్షిక తెరుద్దాం.